డాల్ఫిన్లకు బాంబులు కట్టి పంపుతారా? ఏది పుకారు, ఏది నిజం?

భీమిలి గాలి
అందరికీ నమస్కారం. మొన్న మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మా పెద్ద మామయ్య ఒక వీడియో పెట్టారు. అమెరికా, రష్యా వాళ్లు డాల్ఫిన్ల వీపుకి బాంబులు కట్టి శత్రువు ఓడల కిందికి తోలుతున్నారట, ఓడతో పాటు అవీ పేలి చచ్చిపోతాయట. నాలుగో తరగతి చదివే మా పాప పక్కనే కూర్చుని మొత్తం చూసేసింది. పోయిన సంక్రాంతి సెలవుల్లో పడవలో వెళ్లినప్పుడు దానికి డాల్ఫిన్లు కనపడ్డాయి. నాలుగైదు కలిసి పడవ ముందు ఈదుతూ వచ్చాయి. అప్పటినుంచి అవంటే దానికి ప్రాణం. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి అలాగే వదిలేసి, "నాన్నా, చచ్చిపోతామని వాటికి తెలుసా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

అబద్ధం అని కొట్టిపారేద్దామంటే నిజమేంటో నాకే తెలియదు. తెలిసినవాళ్లు చెప్పండి, దయచేసి. పాపకి నిజమే చెప్పాలి.

కరీంనగర్ కుర్రోడు
అన్నా, నేను కూడా ఆ వీడియో చూసిన. ఇసుంటియి చాలా తిరుగుతున్నయి. 2005లో అమెరికాల కత్రినా తుపాను వచ్చినప్పుడు, విషం సూదులు పేల్చే 36 నేవీ డాల్ఫిన్లు తప్పించుకున్నయని బ్రిటన్ పేపర్లో రాసిన్రు. ఉక్రెయిన్ల తుపాకులు కట్టిన మూడు డాల్ఫిన్లు జత కోసం పారిపోయినయని 2013ల ప్రపంచమంతా వార్త. గాజాల ఇజ్రాయెల్ గూఢచారి డాల్ఫిన్‌ని పట్టుకున్నమని 2015ల హమాస్ వాళ్లు అన్నరు. వీటిల్ల ఎంత నిజమో నాకు కూడా తెల్సుకోవాలని ఉంది.

కోరంగి మడ
నేను సముద్ర జీవశాస్త్రం చదువుతున్నాను. తమ్ముడు చెప్పిన మూడింటికీ ముందు జవాబు చెప్తాను.

కత్రినా సంగతిలో పారిపోయిన డాల్ఫిన్లు నిజంగానే ఉన్నాయి, కాకపోతే అవి నేవీవి కావు. మిసిసిపి రాష్ట్రంలోని గల్ఫ్‌పోర్ట్‌లో ఒక ప్రదర్శనశాల ఉండేది. తుపాను అలలు దాని ట్యాంకును బద్దలుకొట్టి ఎనిమిది డాల్ఫిన్లను సముద్రంలోకి లాక్కెళ్లాయి. రెండు వారాల తర్వాత అవి తీరానికి దగ్గర్లోనే, ఒకదాన్నొకటి వదలకుండా, మనుషుల కోసం చూస్తూ దొరికాయి. విషం సూదులు, 36 అనే లెక్క పైన అతికించినవి. ఉక్రెయిన్ కథకి మూలం ఒక నకిలీ ఉత్తరం. గాజా విషయంలో మాటలు తప్ప తిరుగులేని ఆధారం ఎవరూ చూపలేదు.

ఇలాంటి పుకార్లు నిలబడటానికి కారణం లేకపోలేదు. అమెరికా నేవీ డాల్ఫిన్లకి శిక్షణ ఇచ్చే మాట నిజమే, ఆ పనంతా 1990ల తొలి సంవత్సరాల దాకా రహస్యంగా ఉంచింది. ముప్ఫై ఏళ్లు తలుపులు మూసి పెడితే బయటివాళ్లు లోపల ఏముందో ఊహించుకోకుండా ఉంటారా?

పాత షిప్‌యార్డ్
బాబూ భీమిలి గాలీ, నేను విశాఖలో ఓడల మరమ్మతు పనిలో ముప్ఫై నాలుగేళ్లు చేశాను. మైను అంటే ఏంటో తెలిస్తే ఈ విషయం సగం అర్థమవుతుంది. నేల మీద మందుపాతర ఎలాంటిదో సముద్రంలో మైను అలాంటిది. చవక. పెట్టడం సులువు, వెతకడం నరకం. మన ఊరివాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన హార్బరు ముందుకి వచ్చింది మైన్లతోనే. దాన్ని మన యుద్ధనౌక రాజ్‌పుత్ ముంచిందని మనం అంటాం, లోపలి మైన్లే పేలాయని వాళ్లంటారు.

1988లో పర్షియన్ గల్ఫ్‌లో ఒక్క ఇరాన్ మైను తగిలి శామ్యూల్ బి. రాబర్ట్స్ అనే అమెరికా యుద్ధనౌక దాదాపు మునిగిపోబోయింది. 1991లో ఒకే రోజు రెండు ఓడలు మైన్లకి దెబ్బతిన్నాయి. యంత్రాలు లోతైన, తేట నీళ్లలో బాగానే వెతుకుతాయి. ఒడ్డు దగ్గర బురద, రాళ్లు, పాత ఇనప సామాను, అలల చప్పుడు అన్నీ కలిసినచోట మాత్రం సోనార్ (శబ్దం పంపి ప్రతిధ్వనితో వెతికే యంత్రం) తెర మీద ప్రతిదీ మైనులాగే కనపడుతుంది. డాల్ఫిన్‌కి అక్కడే గిరాకీ. బురదలో కూరుకుపోయినదాన్ని కూడా అది పసిగడుతుంది.

ఇంకో మాట. మైను వెతికే డాల్ఫిన్ మైనుని ముట్టుకోదు, పేల్చదు. చోటు చూపించి వెనక్కి వస్తుంది. తర్వాత పని మనిషిది.

కోరంగి మడ
షిప్‌యార్డ్ గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. డాల్ఫిన్ నుదుటి దగ్గర మెలన్ అనే కొవ్వు ముద్ద ఉంటుంది. ముక్కు దారిలో పుట్టిన టిక్కు టిక్కు శబ్దాలను అది టార్చిలైటులా ఒకవైపుకి గుమిగూర్చి పంపుతుంది. వస్తువుకి తగిలి వెనక్కి వచ్చిన ప్రతిధ్వనిని కింది దవడ ఎముక గుండా వింటుంది. అవును, దవడతో. ఒకే ఆకారంలో ఉన్న రెండు డబ్బాల్లో ఏది బోలుగా ఉందో, ఏది నిండుగా ఉందో చెప్పగలదు.

నేవీ వాడే ఇంకో జంతువు సీ లయన్, సీల్ లాంటిది. దానికి ఈ విద్య లేదు. మసక వెలుతురులో చూపు, నీళ్లలో శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో పట్టే చెవి దాని బలాలు. అందుకే పడిపోయిన ఆయుధాలను వెతికి తాడు తగిలించే పని దానికి అప్పగించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నేవీ సర్కస్ సీ లయన్లతో జర్మనీ జలాంతర్గాములను పట్టించాలని కూడా చూసింది. 1916-17లో వేల్స్‌లోని బాలా సరస్సులో పరీక్షలు చేశారు. చివరికి పనికిరాదని ఆపేశారు.

శాండియాగో తెలుగు
అందరికీ నమస్తే. నేను పదకొండేళ్లుగా శాండియాగోలో ఉంటున్నాను. నేవీ డాల్ఫిన్లు, సీ లయన్లు ఉండేది మా ఊళ్లోనే. పాయింట్ లోమా దగ్గర నేవీ స్థావరం, నీళ్ల మీద తేలే దొడ్లు. హార్బరు పడవ ఎక్కితే గైడు దూరం నుంచి చూపిస్తాడు కూడా, రహస్యమేం లేదు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్లాను. చిన్న మోటారు పడవ ఒకటి ఆగి ఉంది. నీళ్లలోంచి సీ లయన్ ఒక్క ఊపున పడవలోకి ఎగిరి కూర్చుంది. ఎవరూ లాగలేదు, తాడూ లేదు. శిక్షకురాలు చెయ్యి ఎత్తగానే నోరు బార్లా తెరిచింది. ఆవిడ పళ్లు, చిగుళ్లు నిదానంగా చూసి, అరచేత్తో మెడ నిమిరి, బకెట్లోంచి ఒక చేప ఇచ్చింది. మా అమ్మ పల్లెటూరి మనిషి, పాడి చేసిన చెయ్యి. "మన ఎర్రావు కూడా ఇట్టాగే నా మాట వినేదిరా" అంది. నాకు ఆ మాట ఇప్పటికీ గుర్తు.

మొదట్లో డాల్ఫిన్లని యుద్ధంలో వాడే ఆలోచనే లేదంటారు. 1960లో నాటీ అనే డాల్ఫిన్‌ని తెచ్చింది దాని ఒంటి ఆకారం చూసి టార్పెడోలను (నీటి కింద దూసుకెళ్లి ఓడలని పేల్చేవి) ఇంకా వేగంగా వెళ్లేలా చెయ్యొచ్చేమో తెలుసుకోవడానికి. 1965లో ఇక్కడే లా హోయా దగ్గర సుమారు 60 మీటర్ల లోతులో సీల్యాబ్ అనే గదిలో మనుషులు ఉండేవాళ్లు. టఫీ అనే డాల్ఫిన్ పైనుంచి వాళ్లకి ఉత్తరాలు, పనిముట్లు తీసుకెళ్లేది. లోతులో దారి తప్పినవాళ్లని కాపాడటానికి కూడా దానికి తర్ఫీదు ఇచ్చారు.

మైన్ల పని ఇలా ఉంటుంది. డాల్ఫిన్ పడవతో పాటు వెళ్లి ఒక చోట వెతికి వస్తుంది. పడవ ముందువైపు ఒక పలక, వెనకవైపు ఒక పలక ఉంటాయి. ఒకదాన్ని ముక్కుతో తాకితే ఉందని, రెండోదాన్ని తాకితే లేదని. ఉందంటే దానికి బరువు కట్టిన గుర్తు తాడు ఇస్తారు, తీసుకెళ్లి అక్కడ వదిలేసి వస్తుంది. 2013లో కరొనాడో దగ్గర శిక్షణలో ఒక డాల్ఫిన్ ఎవరూ ఏమీ పెట్టని చోట "ఉంది" అంది. వాళ్లు నమ్మలేదు. వారం తర్వాత ఇంకో డాల్ఫిన్ కూడా అదే చోట "ఉంది" అంది. దిగి చూస్తే ఇత్తడి హోవెల్ టార్పెడో, పందొమ్మిదో శతాబ్దానిది. అవి మొత్తం తయారైనవే 50.

బహ్రెయిన్ బాబాయ్
2003లో నేను మనామాలో ఉన్నాను, ఏసీ మెకానిక్‌గా. ఇరాక్ యుద్ధం టైములో ఎప్పుడేం జరుగుతుందో అని అందరికీ టెన్షన్. మా క్యాంపులో మలయాళీ అబ్బాయి ఒకడు పేపర్లో ఫొటో చూపించాడు. సీ లయన్, పేరు జాక్, 170 కిలోలు. అమెరికా ఓడల కాపలాకి బహ్రెయిన్‌కి తెచ్చారు. దొంగతనంగా ఈదుకొచ్చేవాడిని చంపేస్తుందనుకున్నాం మేం. కాదట. దాని నోట్లో పట్టుకునే పలకకి ఒక స్ప్రింగు బిగింపు ఉంటుంది, సంకెల లాంటిది. వెనక నుంచి వచ్చి ఈతగాడి కాలికి ఆనిస్తే టక్కున బిగుసుకుంటుంది. సీ లయన్ వెళ్లిపోతుంది. తాడు పట్టుకుని పైవాళ్లు మనిషిని లాగుతారు.

అదే ఏడాది మార్చిలో ఇరాక్‌లో ఉమ్ కస్ర్ రేవు దారి శుభ్రం చెయ్యడానికి డాల్ఫిన్లని తెచ్చారు. తర్వాతే సర్ గలహాడ్ అనే బ్రిటిష్ ఓడ తిండి, నీళ్లు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ దేశంలో జనం ఆకలితో ఉన్న రోజులు. ఆ సంగతి కూడా పాపకి చెప్పు బాబూ.

కరీంనగర్ కుర్రోడు
బాబాయ్ చెప్పింది మంచిగనే ఉంది. మరి వియత్నాం సంగతేంది? అక్కడ డాల్ఫిన్లు మనుషుల్ని చంపినయంటరు.

కోరంగి మడ
1970-71లో కామ్ రాన్ అఖాతంలో మందుగుండు రేవుకి కాపలాగా డాల్ఫిన్లను పెట్టిన మాట వాస్తవం. అవి గ్యాసు సూదులతో ఈతగాళ్లను చంపాయన్న ఆరోపణ ఆ దశాబ్దంలోనే బయటికొచ్చింది. నేవీ అప్పుడూ ఇప్పుడూ కాదంటోంది. కనపడ్డ ఈతగాడు మనవాడో పరాయివాడో డాల్ఫిన్‌కి తెలియదు, అందుకే ఆ నిర్ణయం దానికి వదిలే ప్రసక్తే లేదు అన్నది వాళ్ల వాదన. ఆ వాదనలో అర్థం ఉందని నా అభిప్రాయం.

సోవియట్ల వైపు చీకటి ఎక్కువ. 1960లలో క్రిమియాలోని సెవాస్టపోల్ దగ్గర కజాచ్యా అఖాతంలో వాళ్ల కేంద్రం పెట్టారు. వీపు మీద ఈటెల్లాంటి హార్పూన్లు, ఓడల కింద పేలే డాల్ఫిన్లు, ఇవన్నీ అక్కడి కథలే. 2000లో బీబీసీ కూడా రాసింది. భీమిలి గారు, మీ వీడియోకి వేరు అక్కడుంది. కానీ ఏ యుద్ధంలోనైనా డాల్ఫిన్ ఓడని పేల్చిందనడానికి రుజువు చూపినవాళ్లు లేరు. లెక్కకి కూడా కుదరదు. ఏళ్ల తరబడి నేర్పిన జంతువుని ఒక్క పేలుడుకి ఎవరు పోగొట్టుకుంటారు?

పశువైద్యం
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. నేను పశువుల డాక్టర్ని. బాంబు కట్టలేదు కాబట్టి ఇక బాధ లేదన్నట్టుగా మాట్లాడుకుంటున్నాం, నాకు మనసు ఒప్పుకోవడం లేదు.

సోవియట్ యూనియన్ కూలాక సెవాస్టపోల్ జంతువుల గతి ఏమైందో తెలుసా? జీతాలు లేవు, చేపలు కొనడానికి డబ్బుల్లేవు. 2000లో వాటి శిక్షకుడు బోరిస్ జూరిద్ డాల్ఫిన్లు, సీ లయన్లు, సీల్స్, వాల్రస్‌లు, ఒక తెల్ల తిమింగలం, మొత్తం 27 జంతువులను ఇరాన్‌కి అమ్మేశాడు. ఆకలితో చావడం చూడలేక అమ్మానన్నాడు. నేను ఆయన్ని తిట్టలేను. కొట్టం మూసేసి పశువులని సంతకి తోలే రైతులను చూసినవాడిని. కానీ ఆ జంతువులని అక్కడికి తెచ్చిందెవరు?

2014లో క్రిమియా రష్యా చేతికి వచ్చింది. 2016లో రష్యా రక్షణ శాఖ అయిదు డాల్ఫిన్లకి టెండరు పిలిచింది, 17.5 లక్షల రూబుళ్లు, పళ్లన్నీ ఉండాలని షరతు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక సెవాస్టపోల్ హార్బరు ముఖద్వారంలో డాల్ఫిన్ దొడ్లు ఉపగ్రహ ఫొటోల్లో కనపడ్డాయి. అంటే ఇది పాత కథ కాదు, ఇప్పటిది.

పాత షిప్‌యార్డ్
డాక్టరు గారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ మైను తగిలిన ఓడ అడుగున పనిచేసే కుర్రాళ్ల సంగతి కూడా ఆలోచించండి. ఇంజను గదిలో ఉన్నవాడికి పైకి వచ్చే టైము ఉండదు. ఒక డాల్ఫిన్ వెతికితే వందమంది బతుకుతారంటే నేను వద్దనలేను. పోలీసు కుక్కని వాడటం లేదా?

పశువైద్యం
కుక్క వేల ఏళ్ల నుంచి మన వాకిట్లోనే పుట్టి పెరిగింది సార్. డాల్ఫిన్‌ని మాత్రం గుంపులోంచి, తల్లి దగ్గర నుంచి పట్టుకొచ్చారు. అమెరికావాళ్లు తర్వాత తమ దగ్గరే పుట్టినవాటిని పెంచడం మొదలుపెట్టారు, వైద్యం కూడా బాగా చేస్తారని ఒప్పుకుంటాను. వాటి మీద వాళ్లు చేసిన వైద్య పరిశోధన మా వృత్తిలో అందరికీ పనికొస్తోంది. అయినా దానికి "నేను రాను" అనే మాట మనం వినే దారి లేదు.

మన దేశంలో 1998లో చెన్నై దగ్గరకి బల్గేరియా నుంచి ప్రదర్శనకని డాల్ఫిన్లని తెచ్చారు. నెలల్లోనే చచ్చిపోయాయి. 2013లో కేంద్రం డాల్ఫిన్ ప్రదర్శనశాలలకి అనుమతులు ఇవ్వొద్దని రాష్ట్రాలకి చెప్పింది. ఆ వార్త చదివిన రోజు నాకు చాలా సంతోషమేసింది.

శాండియాగో తెలుగు
డాక్టర్ గారు, ఇక్కడ వాటిని రోజూ కంచె లేని సముద్రంలోకి తీసుకెళ్తారు. పారిపోవాలంటే పారిపోవచ్చు. దాదాపు అన్నీ తిరిగొస్తాయి. ఇష్టం లేకపోతే ఎందుకు వస్తాయి?

పశువైద్యం
తిరిగి రావడమే నాకు భయం వేసే విషయం బాబూ. దానికి హ్వాల్దిమిర్ కథ చెప్పాలి. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

2019 ఏప్రిల్‌లో నార్వే ఉత్తర కొనన చేపలు పట్టేవాళ్ల పడవ దగ్గరకి ఒక తెల్ల తిమింగలం, బెలూగా, వచ్చి ఒళ్లు రుద్దుకుంది. అడవి బెలూగాలు అలా చెయ్యవు. చూస్తే మెడ వెనక గట్టిగా బిగించిన పట్టీ. జోయర్ హెస్టెన్ అనే జాలరి చలి నీళ్లలో దిగడానికి వేసుకునే సూటు తొడుక్కుని నీళ్లలోకి దూకి ఆ బకిల్ విప్పాడు. పట్టీకి కెమెరా బిగించే చోటు ఉంది. ప్లాస్టిక్ మీద "ఎక్విప్‌మెంట్ సెయింట్ పీటర్స్‌బర్గ్" అని ఇంగ్లిషులో అచ్చు. గూఢచారి తిమింగలం అని ప్రపంచమంతా వార్త. నార్వే భాషలో తిమింగలాన్ని "హ్వాల్" అంటారు, దానికి రష్యా పేరు వ్లాదిమిర్ కలిపి జనం హ్వాల్దిమిర్ అని పేరు పెట్టారు.

వాడికి మనుషులు కావాలి. అంతే. హామర్‌ఫెస్ట్ రేవులో ఒకావిడ ఫోను నీళ్లలో పడితే అడుక్కి వెళ్లి నోట కరుచుకుని తెచ్చిచ్చాడు. తెచ్చివ్వడం నేర్పారు కాబట్టి తెచ్చిచ్చాడు. పట్టీ విప్పిన మరునాడే వాడు స్వతంత్రుడు, కానీ పడవ చప్పుడు వినపడితే వచ్చేసేవాడు. తనలాంటి బెలూగాల గుంపు లేదు. ఒంటరిగా చేపల పెంపకం వలల చుట్టూ తిరుగుతూ, ఏళ్లు గడిచేకొద్దీ దక్షిణానికి, వెచ్చటి నీళ్లకి, మనుషులు ఎక్కువ ఉన్న చోట్లకి వచ్చేశాడు. 2023లో స్వీడన్ దాకా వెళ్లాడు.

2024 ఆగస్టు 31న నార్వేలో రిసావిక అఖాతంలో చచ్చి తేలాడు. కాల్చి చంపారని ఇంకో పుకారు. కాల్చిన గుర్తులేమీ లేవని, నోట్లో 35 సెంటీమీటర్ల కర్ర ఇరుక్కుని ఉందని పోలీసులు ప్రకటించారు. కర్ర ఇరుక్కున్న ఆ నోటి గురించే నేను చాలా రోజులు ఆలోచించాను. నొప్పితో కూడా ఏదో పడవ దగ్గరకి వెళ్లి నోరు తెరిచి చూపించాడేమో, నేర్పినట్టే.

అదే ఏడాది నవంబరులో రష్యా తిమింగలాల శాస్త్రవేత్త ఓల్గా ష్పాక్ బీబీసీకి చెప్పారు: వాడిని 2013లో రష్యా తూర్పున ఓఖోట్స్క్ సముద్రంలో పట్టారట. అక్కడ వాడి పేరు ఆంద్రూహా. సైన్యం చేతికి వెళ్లాడట. గూఢచర్యానికి కాదు, ఓడల స్థావరానికి కాపలాకట.

శాండియాగో తెలుగు
మొత్తం చదివాను డాక్టర్ గారు. ఇక వాదించను. వచ్చే వారం మా వాళ్లతో ఆ పడవ ఎక్కుతున్నాను, ఈసారి అదే దృశ్యం నాకు వేరుగా కనపడుతుంది.

కోరంగి మడ
ఒక్క విషయం మర్చిపోతున్నాం. దొడ్లలో ఉన్నవి వందో రెండొందలో. సైన్యాల వల్ల అసలు దెబ్బ బయట సముద్రంలో ఉన్నవాటికి. 2000 మార్చిలో బహామాస్‌లో ఒకటిన్నర రోజులో 17 తిమింగలాలు, డాల్ఫిన్లు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఎక్కువ భాగం ముక్కు తిమింగలాలు (బీక్డ్ వేల్స్). చచ్చినవాటి చెవుల దగ్గర రక్తస్రావం. యుద్ధనౌకల సోనారే కారణం అయ్యుంటుందని చివరికి అమెరికా నేవీ కూడా ఒప్పుకుంది. శబ్దమే కళ్లుగా బతికే జీవికి అంత పెద్ద శబ్దం అంటే మనకి ముఖం మీద కాగడా పెట్టినట్టే. దీని మీద వీడియోలు ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

కరీంనగర్ కుర్రోడు
గిది నాకు అస్సలు తెల్వదు అక్కా. మా గ్రూపుల ఇదే పెడ్తా.

భీమిలి గాలి
అందరికీ చేతులెత్తి నమస్కారం. రెండు రోజులుగా అన్నీ చదివి, నిన్న రాత్రి పాపని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. బాంబు కట్టి పేల్చారనడానికి రుజువు లేదని చెప్పాను. మైను ఎక్కడుందో చూపించి వచ్చేస్తాయని చెప్పాను. ముందు పలక, వెనక పలక ఆట దానికి బాగా నచ్చింది, మంచం కోళ్లు పట్టుకుని రెండుసార్లు ఆడింది. ఉమ్ కస్ర్‌కి వెళ్లిన తిండి ఓడ గురించి చెప్పాను బాబాయ్. హ్వాల్దిమిర్ గురించి చెప్పాలా వద్దా అని చాలాసేపు తటపటాయించి, చెప్పాను. పట్టీ విప్పిన జాలరి గురించి మళ్లీ మళ్లీ అడిగింది.

పెద్ద మామయ్యకి గ్రూపులో కాకుండా ఫోను చేసి మాట్లాడాను. వీడియో తీసేశారు.

డాక్టరు గారూ, పాప ఇంకొకటి అడిగింది. నాకు తెలియక ఊరుకున్నాను. "పట్టీ విప్పేశాక, వాడిని వాళ్ల అమ్మ ఉండే సముద్రానికి ఎవరూ తీసుకెళ్లలేదా?"

పశువైద్యం
తీసుకెళ్దామన్నవాళ్లు ఉన్నారని చెప్పండి. ఉత్తరాన బెలూగాలు తిరిగే చల్లటి నీళ్లకి చేర్చాలని కొందరు గట్టిగా ప్రయత్నించారు. దారిలో ఒత్తిడికి తట్టుకోలేడని, వదిలేస్తే సొంతంగా బతకలేడని మరికొందరు వద్దన్నారు. ఆ మాటలు తెమిలేలోపు అయిదేళ్లు గడిచాయి. అప్పటికి వాడికి పద్నాలుగు, పదిహేనేళ్లు ఉంటాయి. బెలూగాలు ఇంకా చాలా ఏళ్లు బతుకుతాయి. ఆ చివరి మాట పాపకి ఇప్పుడే చెప్పకండి.